చేసి చూస్తేనే ధీమా!

'నువ్వు చేయగలవు' అని పిల్లలకు రోజూ చెబుతూనే ఉంటాం. అయినా టీనేజీలోకి అడుగు పెట్టగానే చాలామంది వెనకడుగు వేస్తుంటారు. తరగతిలో చెయ్యెత్తరు. కొత్త పని మొదలు పెట్టరు. 'నాకు రాదు' అన్నమాట నోటి చివరే ఉంటుంది. మరి మన మాటలన్నీ ఏమైపోతున్నట్టు? ఆత్మవిశ్వాసం బయటి నుంచి నింపితే నిండేది కాదు. ఏదో ఒకటి సొంతంగా చేసి, చెడగొట్టుకుని, మళ్లీ సరిచేసుకుని, పూర్తి చేసినప్పుడు లోపల మిగిలేది. సైన్స్ ప్రయోగాలు, బొమ్మలు, రంగులు, సంగీతం వంటి చేతిపనులు ఇందుకు చక్కటి దారి. టీనేజీ పిల్లలకు వీటి అవసరమేంటో, ఇంట్లో ఎలా మొదలు పెట్టాలో తెలుసుకుందాం.

రేపు బడిలో సైన్స్ ప్రదర్శన. రాత్రి పదకొండు కావస్తోంది. హాలు నిండా థర్మాకోల్ ముక్కలు, జిగురు డబ్బా, రంగులు. నాన్న కత్తిరిస్తున్నారు. అమ్మ రంగులు వేస్తోంది. తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం సోఫాలో కూర్చుని నిద్రకు తూగుతోంది. 'నువ్వు ముట్టుకోకు, పాడవుతుంది' అనే మాట అప్పటికే రెండుసార్లు వినేసింది. తెల్లారేసరికి నమూనా బ్రహ్మాండంగా తయారవుతుంది. టీచర్లు మెచ్చుకుంటారు కూడా. కానీ చూడటానికి వచ్చిన వాళ్లెవరో 'ఇదెలా పనిచేస్తుందమ్మా?' అని అడిగితే ఆ అమ్మాయి గొంతు పెగలదు. ఒకవేళ బహుమతి వచ్చినా ఆమె మనసులో మిగిలేది ఒకటే. 'ఇది నా వల్ల కాదనే కదా, అమ్మానాన్నలు చేసిపెట్టారు!'

చాలా ఇళ్లలో ఇది మామూలే. ఇప్పుడైతే అంత శ్రమ కూడా అక్కర్లేదు. రెడీమేడ్ నమూనాలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. పిల్లలకు సాయం చేస్తున్నామనే అనుకుంటాం. ప్రేమతోనే చేస్తాం. కానీ తెలియకుండానే వాళ్లకు దక్కాల్సిన విలువైన అనుభవాన్ని మనం లాగేసుకుంటున్నాం.

చూస్తే కాదు, చేస్తేనే

ఆత్మవిశ్వాసం గురించి లోతుగా పరిశోధించినవారిలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ముఖ్యులు. ఆయన 1977లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఏదైనా పని ఎదురైనప్పుడు 'దీన్ని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నది దాని సారాంశం.

మొదటిది, తానే స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. రెండోది, తనలాంటి వారు చేస్తుండగా చూడటం. మూడోది, తాను నమ్మేవారు చెప్పే ప్రోత్సాహకరమైన మాటలు. నాలుగోది, ఆ సమయంలో తన ఒంట్లో, మనసులో కలిగే మార్పులను అర్థం చేసుకునే తీరు. అంటే గుండె దడదడలాడుతుంటే దాన్ని భయంగా తీసుకుంటున్నామా, ఉత్సాహంగా తీసుకుంటున్నామా అన్నది. ఈ నాలుగింటిలో అన్నింటికన్నా బలమైనది మొదటిదే. మనం ఇళ్లలో ఎక్కువగా వాడేది మాత్రం మూడోది. మాటలు!

బండూరా బృందం పామంటే విపరీతంగా భయపడే పెద్దవారి మీద ప్రయోగాలు చేసింది. కొందరు వేరొకరు పామును పట్టుకోవటాన్ని చూశారంతే. మరికొందరు నిపుణుల తోడుతో మెట్టు మెట్టుగా తామే దగ్గరికి వెళ్లి, ముట్టుకుని, చివరికి చేత్తో పట్టుకున్నారు. చూసి ఊరుకున్నవారికన్నా స్వయంగా పట్టుకున్నవారిలోనే ధీమా బాగా పెరిగింది. భయం పోయాక పామును పట్టుకోలేదు వాళ్లు. పట్టుకున్నాకే భయం పోయింది. టీనేజీ పిల్లల విషయంలో మనం సరిగ్గా ఇక్కడే పొరబడుతుంటాం. 'ముందు ధైర్యం రానీ, తర్వాత చేద్దువుగానిలే' అంటుంటాం. నిజానికి చేయటమే ముందు. ధైర్యం దాని వెనకే వస్తుంది.

ఈ వయసులోనే ఎందుకు జంకు?

ఆరేడేళ్ల వయసులో 'ఎవరు పాడతారు?' అని అడిగితే తరగతిలో అన్ని చేతులూ లేస్తాయి. పద్నాలుగేళ్లకు వచ్చేసరికి అందరూ బల్ల కేసి చూస్తుంటారు. వీళ్లకు రాక కాదు. మెదడులో, ఒంట్లో వచ్చే మార్పులు అలాంటివి.

యుక్తవయసులో భావోద్వేగాలకు సంబంధించిన మెదడు భాగాలు చురుకుగా ఉంటాయి. వాటిని అదుపు చేస్తూ, ముందువెనకలు ఆలోచించే నుదుటి వెనకాల భాగం (ప్రీఫ్రాంటల్ కార్టెక్స్) పూర్తిగా పరిణతి చెందటానికి మాత్రం దాదాపు పాతికేళ్లు పడుతుంది. అందుకే తోటివారి చిన్న నవ్వు కూడా టీనేజీ పిల్లలకు పెద్ద గాయంలా అనిపిస్తుంది. దీనికి తోడు గొంతు మారటం, మొటిమలు, ఎత్తు, బరువులో తేడాలు. 'అందరూ నన్నే చూస్తున్నారు' అన్న భావన వెంటాడుతుంటుంది.

సరిగ్గా ఇదే సమయంలో చదువులూ బిగుసుకుంటాయి. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ, నీట్ ఫౌండేషన్ కోర్సులు. వారం వారం పరీక్షలు, ర్యాంకులు. డ్రాయింగ్, సంగీతం, ఆటల పీరియడ్లను లెక్కలో, సైన్సో మింగేస్తాయి. ఆ సైన్స్ కూడా నోటుపుస్తకంలోనే. ఇలా పిల్లల సామర్థ్యాన్ని కొలిచే కొలబద్ద ఒకటే మిగులుతుంది. అందులో వెనకబడ్డ పిల్లలకు 'నేను దేనికీ పనికిరాను' అనిపించటంలో వింతేముంది? ముందున్న పిల్లలదీ నిశ్చింతైన పరిస్థితేం కాదు. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే చాలు, వాళ్ల నమ్మకం పునాదులతో సహా కదిలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 10-19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. వీటన్నింటికీ ఆత్మవిశ్వాసం లోపించటమే కారణం కాదు. కానీ మార్కులకు ఆవల కూడా 'నాకంటూ చేతనైనది ఒకటుంది' అనే నమ్మకం కష్టకాలంలో పిల్లలకు ఊతంగా నిలుస్తుంది.

పొగడ్త బెడిసికొట్టేదెక్కడ?

'మావాడు చాలా తెలివైనవాడు' అని నలుగురిలో మెచ్చుకుంటే పిల్లల్లో ధైర్యం పెరుగుతుందని అనుకుంటాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా మ్యూలర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనాలు ఇందుకు భిన్నమైన సంగతిని బయటపెట్టాయి. ఐదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కుముడులు ఇచ్చారు. బాగా చేశారని చెప్పి కొందరిని 'తెలివైనవారు' అని, కొందరిని 'బాగా కష్టపడ్డారు' అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎలాంటివి కావాలో ఎంచుకోమంటే, తెలివిని పొగిడిన పిల్లల్లో చాలామంది తమకు తేలికగా వచ్చే వాటినే కోరుకున్నారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది కొత్త సంగతులు నేర్చుకోవటానికి వీలైనవి ఎంచుకున్నారు. తర్వాత కావాలనే కఠినమైనవి ఇచ్చారు. వాటిలో తడబడ్డాక మళ్లీ మొదటి స్థాయి చిక్కుముడులే ఇచ్చినా, తెలివిని పొగిడిన పిల్లలు అంతకుముందు కన్నా వెనకబడ్డారు. తమ మార్కుల గురించి తోటి పిల్లలకు రాయమన్నప్పుడు వారిలో ప్రతి పది మందిలో దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు!

ఎందుకిలా? తెలివి పుట్టుకతో వచ్చిన ముద్ర అనుకుంటే, ఓటమి ఆ ముద్రను చెరిపేస్తుందేమోనని భయం. అందుకే ఓడిపోయే అవకాశమున్న పనుల జోలికే వెళ్లరు. పొగడొద్దని కాదు. దేన్ని పొగడాలన్నదే ప్రశ్న. పిల్లలు ఏదైనా తయారుచేస్తున్నప్పుడు ఈ చిక్కు సులువుగా తీరిపోతుంది. మెచ్చుకోవటానికి కళ్ల ముందు ఒక పని ఉంటుంది. 'అతుకు ఊడిపోతుంటే దారంతో కట్టాలన్న ఆలోచన బాగుంది' అన్న మాట 'నువ్వు జీనియస్‌వి' అనటం కన్నా పదిరెట్లు నయం. ఎందుకంటే అది నిజమని పిల్లలకు తెలుసు.

వస్తువు కోప్పడదు

రెండు పెన్ టార్చి సెల్లులు, ఒక చిన్న ఎల్ఈడీ, రెండు తీగ ముక్కలు ఇచ్చి వెలిగించమనండి. ఎల్ఈడీకి ఒక కాలు పొడవు, ఒకటి పొట్టి. తిప్పి పెడితే వెలగదు. పిల్లలు కాసేపు తికమకపడతారు. తీగలు సరిచూస్తారు. సెల్లులు మారుస్తారు. చివరికి ఎల్ఈడీని అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఠక్కున వెలుగుతుంది. ఆ క్షణంలో వాళ్ల ముఖంలోనూ వెలుగు కనబడుతుంది.

ఇక్కడ జరిగింది చిన్న విషయం కాదు. పిల్లలు తప్పు చేశారు. కానీ ఎవరూ తిట్టలేదు. నవ్వలేదు. ఎర్రసిరాతో సున్నా చుట్టలేదు. వస్తువు కేవలం 'ఇలా కాదు' అని చెప్పిందంతే. ఆ తప్పును కనిపెట్టిందీ, దిద్దుకున్నదీ వాళ్లే. పరీక్షలో తప్పు రాస్తే కథ అక్కడితో ముగిసిపోతుంది. చేతిపనిలో తప్పు జరిగితే కథ అక్కడే మొదలవుతుంది. తప్పు అనేది తనమీద తీర్పు కాదు, తర్వాత ఏం చేయాలో చెప్పే ఆధారమని పిల్లలకు ఒంటబట్టేది ఇలాంటి పనులతోనే.

ఇలాంటి తంటాలు చదువుకూ మేలు చేస్తాయి. 'ఫలవంతమైన వైఫల్యం' అనే భావన మీద పరిశోధించిన మను కపూర్ 2008లో ప్రచురించిన అధ్యయనం మనదేశంలోని పాఠశాలల్లో, 11వ తరగతి విద్యార్థులతోనే జరిగింది. భౌతికశాస్త్రంలో కొన్ని బృందాలకు సూటి సమస్యలు ఇచ్చారు. మరికొన్ని బృందాలకు చిక్కుముడులతో కూడిన, ఒక పట్టాన తెగని సమస్యలు ఇచ్చారు. రెండో రకం బృందాలు బాగా ఇబ్బంది పడ్డాయి. సరైన సమాధానాల దాకా రాలేకపోయాయి. కానీ ఆ తర్వాత ఎవరికి వారుగా రాసిన పరీక్షల్లో వాళ్లే మెరుగ్గా రాణించారు. కొంత పెనుగులాట వృథా కాదన్నమాట.

ఇక కళల సంగతికి వద్దాం. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో వెలువరించిన నివేదిక 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించింది. జబ్బుల నివారణలో, ఆరోగ్యాన్ని కాపాడుకోవటంలో కళలు సాయపడుతున్నట్టు తేల్చింది. అమెరికాలో 39 మంది పెద్దవారి మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో 45 నిమిషాల సేపు బొమ్మలు వేయటం, మట్టితో ఆకారాలు చేయటం వంటి పనుల తర్వాత దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ తగ్గినట్టు తేలింది. వీరిలో సగం మందికి బొమ్మలు వేసే అనుభవం పెద్దగా లేకపోయినా ఫలితంలో తేడా కనబడలేదు. అంటే మేలు కలగాలంటే గొప్ప కళాకారులే కానక్కర్లేదు.

తోలుబొమ్మ చెప్పే భౌతికశాస్త్రం

సైన్స్ వేరు, కళ వేరని మనం గీత గీశాం గానీ మన ఊళ్లలో అవి ఎప్పుడూ కలిసే ఉన్నాయి. సత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలనే చూడండి. మేకతోలును శుభ్రం చేసి, కాంతి దూరేంత పలుచన చేసి, బొమ్మలు గీసి, చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. తెర వెనక దీపం. దీపానికీ తెరకూ మధ్య బొమ్మ. ఇందులో కాంతి పాఠమంతా ఇమిడి ఉంది.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. బొమ్మ తోలుతోనే చేయాల్సిన పనిలేదు. పాత పెళ్లిపత్రిక అట్ట, చీపురుపుల్ల, తెల్ల పంచె, ఫోను టార్చి చాలు. బొమ్మను టార్చికి దగ్గరగా తెస్తే నీడ రాక్షసుడిలా పెరుగుతుంది. తెరకు దగ్గర చేస్తే చిన్నదై, అంచులు స్పష్టంగా కనబడతాయి. టార్చికి బదులు ట్యూబులైటు వాడితే నీడ అంచులు మసకబారతాయి. ఎందుకు? కాంతి ఒక చుక్క నుంచి కాక, పొడవాటి గొట్టమంతటి నుంచీ వస్తోంది కాబట్టి. పుస్తకంలో 'పూర్ణచ్ఛాయ, పాక్షికచ్ఛాయ' అని బట్టీ పట్టిన పాఠం ఇప్పుడు కళ్ల ముందు ఆడుతుంది. కథ రాసేవారు ఒకరు, బొమ్మ కత్తిరించేవారు ఒకరు, గొంతు ఇచ్చేవారు ఒకరు. సిగ్గుపడే పిల్లలకు ఇందులో మరో వెసులుబాటుంది. తెర వెనక నుంచి మాట్లాడొచ్చు! నేరుగా వేదిక ఎక్కలేని పిల్లలకు ఇది మంచి తొలిమెట్టు.

శ్రీకాళహస్తి కలంకారీదీ ఇదే కథ. బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలను పులియబెట్టి తీసిన ద్రవంతో గీస్తారు. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలవగానే గీత నల్లగా తేలుతుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ప్రయోగశాల అన్న మాట మనకు తెలియక ముందు నుంచే మన కళాకారుల చేతుల్లో రసాయనశాస్త్రం ఉంది. ఈ సంగతి తెలిస్తే 'సైన్స్ నాకు ఎక్కదు' అనే పిల్లలు రంగుల దారిలో, 'బొమ్మలు నాకు రావు' అనేవారు రసాయనాల దారిలో లోపలికి రావొచ్చు.

ఇంట్లో మొదలు పెట్టేదెలా?

ఖరీదైన కిట్లు అక్కర్లేదు. ఒక మూల, ఒక పెట్టె, వారానికి రెండు గంటలు. ఇవి చాలు.

* పెట్టె: అట్టముక్కలు, దారం, రబ్బరు బ్యాండ్లు, స్ట్రాలు, సీసా మూతలు, పాత బొమ్మకారు మోటారు, సెల్లులు, ఎల్ఈడీలు, జిగురు, కత్తెర, పాత బట్టలు, రంగులు. పారేసే ముందు ఏ వస్తువునైనా ఒకసారి ఈ పెట్టె వైపు చూపండి.

* చోటు: బాల్కనీలో ఒక మూలైనా సరే. సగంలో ఆగిన పనిని రోజూ తీసి సర్దాల్సిన అవసరం లేకుండా చూడండి. కళ్లెదుట ఉంటేనే మళ్లీ చెయ్యేస్తారు.

* సమయం: ఆదివారం ఉదయమో, శనివారం సాయంత్రమో నిర్ణయించుకోండి. ఆ సమయంలో ఫోన్లు పక్కన పెట్టాలి. మీవి కూడా.

* ఎంపిక వాళ్లదే: ఏం చేయాలో పిల్లలే నిర్ణయించుకోవాలి. మీకు రోబో ఇష్టమైనా వాళ్లకు కుట్టుపని నచ్చితే అదే చేయనివ్వండి.

* చిన్నగా మొదలు: ఒక పూటలో పూర్తయ్యేవి ముందు. ఆ తర్వాత వారం పట్టేవి. తేలిగ్గా నెగ్గేవి మాత్రమే ఇస్తుంటే కష్టం ఎదురవగానే చేతులెత్తేస్తారు. మొదట్లోనే కొండంత పని ఇచ్చినా అంతే. కాస్త కష్టపడితే అందేంత ఎత్తులో ఉండాలి.

* ఆగండి: అన్నింటికన్నా కష్టమైంది ఇదే. పిల్లలు తడబడుతుంటే మన చేతులు ఊరుకోవు. లోపలే పది అంకెలు లెక్కపెట్టుకోండి. వాళ్లు అడిగేదాకా చెయ్యి పెట్టొద్దు. అడిగినా సమాధానం కాకుండా 'ఇప్పటిదాకా ఏమేం చేసి చూశావు?' అనే ప్రశ్న ఇవ్వండి.

* చూపించనివ్వండి: పూర్తయ్యాక తమ్ముడికో, తాతయ్యకో, పక్కింటి పిల్లలకో ఎలా చేశారో చెప్పమనండి. ఇది తప్పనిసరి మెట్టు. బల్బు వెలిగించినంత మాత్రాన వేదిక మీద మాట్లాడే ధైర్యం దానంతటదే రాదు. ఒక పనిలో వచ్చిన ధీమా ముందు ఆ పనికే పరిమితమవుతుంది. తాను చేసినదాని గురించి ఒకరికి, ఇద్దరికి, పదిమందికి చెబుతూ పోతేనే అది మాటల్లోకీ పాకుతుంది.

అమ్మాయిలు, అబ్బాయిల మధ్య పనుల విభజన వద్దు. ఆరేళ్ల వయసుకే అమ్మాయిలు 'బాగా తెలివైనవారు' అనగానే ఆడవారిని ఊహించుకోవటం తగ్గుతున్నట్టు 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం పేర్కొంది. స్క్రూడ్రైవరు అన్నయ్యకు, రంగుల డబ్బా చెల్లికి ఇచ్చే ఇళ్లలో ఈ భావన మరింత బలపడుతుంది. ఫ్యాను రెగ్యులేటర్ ఎలా పనిచేస్తుందో అమ్మాయీ తెలుసుకోవాలి. బొత్తాం కుట్టటం, ముగ్గు వేయటం అబ్బాయీ నేర్చుకోవాలి.

ఇలా అనొద్దు.. ఇలా అనండి

* 'ఇంత చిన్నది కూడా రాదా?' అనొద్దు. 'ఎక్కడ ఆగిపోయావో చూపించు నాన్నా' అనండి.

* 'పక్కింటి వాడు చూడు ఎంత బాగా చేశాడో' అనొద్దు. 'పోయిన వారం చేసినదానికీ దీనికీ తేడా ఏంటమ్మా?' అని అడగండి.

* 'సూపర్, అద్భుతం' అని చూడకుండానే అనేయొద్దు. ఒక నిమిషం పరిశీలించి, మీకు నచ్చిన ఒక్క విషయాన్ని చెప్పండి.

* 'ఇల్లంతా చెత్త చేస్తున్నావు' అనొద్దు. 'పనయ్యాక ఇద్దరం కలిసి సర్దుదాం' అనండి.

మార్కులు తగ్గిపోతాయేమో!

తల్లిదండ్రుల ప్రధాన భయం ఇదే. అందులో అర్థముంది. పోటీ నిజమే. సీట్లు తక్కువన్నదీ నిజమే. కానీ వారంలో రెండు గంటల వల్ల పదో తరగతి ఫలితాలు తారుమారు కావు. పిల్లలు ఫోనులో రీల్స్ చూస్తూ గడిపే సమయం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ సమయంలోంచి తీసుకుంటే సరిపోతుంది. పరీక్షలు దగ్గరపడినప్పుడు రెండు గంటలను అరగంటకు తగ్గించండి. పూర్తిగా మానిపించొద్దు. ఒత్తిడి ఎక్కువగా ఉండేది అప్పుడే. మనసు తేలికపడాల్సిందీ అప్పుడే.

అలాగని చేతిపనిని మరో కోచింగులా మార్చేయొద్దు. 'బొమ్మలు వేస్తున్నావు కదా, పోటీకి పంపుదాం. ఫస్ట్ రావాలి' అంటే ఆ ఒక్క ఊపిరాడే కిటికీ కూడా మూసుకుపోతుంది. సగంలో వదిలేసినా, వంకరగా వచ్చినా ఫర్వాలేదన్న చోటు పిల్లలకు ఒకటైనా ఉండాలి.

వారాంతానికి మూడు పనులు

నల్లసిరా: గాజు సీసాలో తుప్పు పట్టిన మేకులు వేసి, మునిగేలా వెనిగర్ పోయాలి. లోపల వాయువు పుడుతుంది కాబట్టి మూత బిగించొద్దు. నాలుగైదు రోజులయ్యాక చిక్కటి టీ డికాషన్‌లో ఆ నీళ్లు కొద్దికొద్దిగా కలిపితే నల్లటి సిరా తయారవుతుంది. దీంతో కాగితం మీద బొమ్మలు గీయొచ్చు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద మేకుల నీళ్లతో గీస్తే గీత కళ్లముందే నల్లబడుతుంది. ఈ పనికి వాడిన పాత్రలు మళ్లీ వంటకు వాడొద్దు.

స్ట్రా సన్నాయి: స్ట్రా ఒక కొనను పళ్లతో నొక్కి చదును చేసి, రెండు మూలలూ ఏటవాలుగా కత్తిరించాలి. ఆ కొనను పెదాల మధ్య ఉంచి గట్టిగా ఊదితే మోగుతుంది. మొదటిసారికే మోగకపోవచ్చు. మోగుతుండగా రెండో కొనను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ పోతే స్వరం పెరుగుతూ పోతుంది. వేర్వేరు పొడవు స్ట్రాలతో సరిగమలు పలికించటానికి ప్రయత్నించమనండి.

ముగ్గులో లెక్క: అయిదు చుక్కల ముగ్గు వేసి ఎన్ని చుక్కలు పట్టాయో, ఎన్ని వైపుల నుంచి చూస్తే ఒకేలా కనబడుతుందో లెక్కించమనండి. ఏడు, తొమ్మిది చుక్కలకు ఎన్ని పడతాయో ముందే ఊహించి, వేసి సరిచూసుకోమనండి. సూత్రం వాళ్లే పట్టుకుంటారు.

ఊతమిచ్చే చోట్లు

ఇంటి బయటా అవకాశాలున్నాయి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ దేశవ్యాప్తంగా 10 వేల పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొల్పింది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం వీటిలో 3డీ ప్రింటర్లు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉంటాయి. మీ పిల్లల బడిలో ల్యాబు ఉంటే అది తెరిచే ఉంటోందా, పిల్లల చేతికి పరికరాలు అందుతున్నాయా అని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్-మానక్ పథకం కింద కొత్త ఆలోచనలు పంపి ఎంపికైన విద్యార్థులకు నమూనా తయారీ కోసం రూ.10,000 అందుతాయి. దరఖాస్తు బడి ద్వారానే చేయాలి.

చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల్లో సైన్స్ ప్రాంగణాన్ని నడుపుతోంది. సంచార ప్రయోగశాలలను గ్రామాల బడులకు పంపిస్తుంది. పిల్లల చేత పిల్లలకే ప్రయోగాలు వివరింపజేయటం దీని పద్ధతుల్లో ఒకటి. బండూరా చెప్పిన మొదటి రెండు దారులూ ఇక్కడ ఒకేసారి పనిచేస్తాయి. వివరించే పిల్లలకు తాము చేశామన్న ధీమా. చూసే పిల్లలకు 'మాలాంటివాడే చేశాడు, మేమూ చేయగలం' అన్న నమ్మకం.

చెత్తతో సైన్స్ బొమ్మలు తయారుచేసే అరవింద్ గుప్తా వీడియోలు, పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఆయనకు 2018లో పద్మశ్రీ దక్కింది. వీడియో చూడటంతో ఆపేయొద్దు. ఒకటి చూస్తే ఒకటి చేయాలన్న నియమం పెట్టుకోండి.

జాగ్రత్తలు తప్పవు

ప్రయోగాలకు సెల్లులే వాడాలి. గోడ ప్లగ్గు కరెంటు జోలికి వెళ్లనివ్వొద్దు. పాత ఫోన్లలోని బ్యాటరీలను విప్పటం, గుచ్చటం చేయొద్దు. అవి మండిపోవచ్చు. కటింగ్ బ్లేడ్లు, సోల్డరింగ్ వంటివి వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. రసాయనాలను తోచినట్టు కలపకూడదు. ముఖ్యంగా బ్లీచింగ్ ద్రావణాలను, టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్‌ను కలిపితే విషవాయువు వెలువడుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే బటన్ సెల్లులు వారికి అందకుండా చూడండి. మింగితే ప్రాణాల మీదికి వస్తుంది.

సిగ్గేనా? అంతకు మించా?

చేతిపనులు మేలు చేస్తాయి గానీ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టపడ్డ పనుల మీదా ఆసక్తి పోవటం, నిద్ర, ఆకలి బాగా మారిపోవటం, బడికి వెళ్లాలంటేనే కడుపునొప్పి, వణుకు, స్నేహితులను పూర్తిగా దూరం పెట్టటం వంటివి కనబడితే మామూలు సిగ్గని సరిపెట్టుకోవద్దు. తనను తాను గాయపరచుకోవటం, 'నేను లేకపోతేనే మేలు' వంటి మాటలు అనటం చేస్తుంటే వెంటనే మానసిక వైద్యులను సంప్రదించాలి. ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ టెలీ-మానస్ సేవల నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మళ్లీ ఆ సైన్స్ ప్రదర్శన రాత్రికే వెళ్దాం. ఈసారి కత్తెర అమ్మాయి చేతికే ఇవ్వండి. అంచులు వంకరపోతాయి. రంగు ఒలుకుతుంది. బహుమతి రాకపోవచ్చు కూడా. కానీ తెల్లారి ఎవరైనా 'ఇదెలా పనిచేస్తుందమ్మా?' అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర సమాధానం ఉంటుంది. 'మొదట పనిచేయలేదండీ. తర్వాత ఇక్కడ ఇలా మార్చాను' అంటుంది. 'నువ్వు చేయగలవు' అని ఆ తర్వాత మనం చెప్పాల్సిన పనుండదు. ఆ సంగతి తనకే తెలుస్తుంది.